సవరణ: పిల్లల పళ్లకు పూసే ఫ్లోరైడ్ గురించి

దంతవైద్యులు పూసే ఫ్లోరైడ్ ఏ రూపంలో ఉన్నా, కొద్దిగా మింగితే చాలు ప్రాణాపాయమని గత పోస్టులో రాశాను. అది తప్పు, జెల్‌కు వర్తించే హెచ్చరికను, పళ్లపై పలుచటి పూతగా పూసే వార్నిష్‌కూ అంటగట్టాను. ఆ పోస్టు విశాఖపట్నంలోని మధురవాడ, గాజువాక తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతోంది కనుక ఈ వివరణ అవసరమైంది.

దంతవైద్య పాఠ్యగ్రంథాల ప్రకారం, శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్తే అత్యవసర చికిత్స కావాలి. 12 కిలోల బిడ్డకు అది 60 మి.గ్రా. ట్రేలో నింపి పళ్లకు పట్టించే 1.23 శాతం జెల్‌లో గ్రాముకు 12.3 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి, అయిదు గ్రాములు, అంటే సుమారు ఒక చిన్న చెంచాడు, మింగినా ఆ హద్దు దాటుతుంది. అందుకే ఆరేళ్ల లోపు పిల్లలకు వార్నిష్‌నే సిఫారసు చేస్తారు, పెద్ద పిల్లలకు జెల్ పెట్టినప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, లాలాజలాన్ని గొట్టంతో లాగుతూ, ట్రే తీశాక బాగా ఉమ్మిస్తారు. వార్నిష్ గాఢత జెల్ కన్నా ఎక్కువే (చాలామందిని బెదరగొట్టేది ఇదే), కానీ చిన్నపిల్లలకు పూసేది పావు మిల్లీలీటరు. అందులో ఫ్లోరైడ్ ఆరు మి.గ్రా. లోపే, పైగా లాలాజలం తగలగానే అది పంటికి అంటుకుపోతుంది.

జెల్ ఎక్కువగా మింగిన బిడ్డకు వికారం, వాంతులు, కడుపునొప్పి రావచ్చు. స్పృహలో ఉంటే పాలు తాగించి, ఎందుకంటే పాలలోని కాల్షియం ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఉంచుతుంది, వెంటనే కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి అత్యవసర విభాగమున్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లతో కక్కించమన్న పాత వాక్యాన్ని తొలగించాను. ఎవరూ ఆ పని చేయకూడదు.