బయాప్సీ రిపోర్టులోని ఆఖరి వాక్యానికి

మహారాజశ్రీ ఆఖరి వాక్యం గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, తమరు నిన్న క్షేమంగా చేరారు. లైకెన్ ప్లానస్ అనే రోగం అనుమానంతో కోసిన బుగ్గలో కుట్లు గుచ్చుకుంటుంటే మధ్యాహ్నమంతా కుర్చీలో కూర్చుని తమరి కోసమే ఎదురుచూశాను. కవరు చించి, పేరూ వయసూ దాటి, అర్థంకాని పేరా ఒకటి దాటి, గబగబా తమరి దగ్గరికొచ్చి ఆగాను. "పుండు, నిర్దిష్టం కాని వాపు. క్లినికల్ కోరిలేషన్ సూచించడమైనది."

అయిపోయింది. వెనక్కి తిప్పి చూశాను, ఖాళీ.

డాక్టరుగారేమో "అదేమిటో బయాప్సీ చెప్తుంది" అన్నారు. తమరేమో అదేమిటో డాక్టరుగారే చూసి తేల్చాలంటున్నారు. ముందు మీరంటే ముందు మీరని ఒకరికొకరు దారిచ్చుకుంటున్న మర్యాద ముచ్చటగానే ఉంది. మధ్యలో తెగింది మాత్రం నా బుగ్గ.

తమరికి ముందు వచ్చిపోయినవాళ్ల మీద పెద్ద ఫిర్యాదుల్లేవు. బీకాంప్లెక్స్ బిళ్లలు వచ్చాయి, పోయాయి. ఫంగస్ అన్నవారున్నారు, గీకితే ఊడిరాని తెల్లటి గీతల్ని చూసి కూడా అదే అన్నారు. చిగుళ్లు ఎర్రబడి పొరలూడుతుంటే సరిగ్గా తోముకోవడం లేదని తేల్చినవారికి ఒక దండం. టెన్షన్ తగ్గించుకోమన్నవారికి రెండు. నోరు చూసినవాళ్లెవరూ జననాంగాల దగ్గర మంటుందా అని అడగలేదు. ఈ లైకెన్ ప్లానస్ చిగుళ్లనీ అక్కడి పొరల్నీ కలిపి పట్టవచ్చని 1982లోనే రాసిపెట్టారు. ఎవరి వాటా అవయవం వారిది కాబోలు.

నన్ను నిద్రపోనివ్వనిది ఒకటే. ఆ ముక్క ఎక్కణ్ణుంచి కోశారండీ? పుండు నడిమధ్య నుంచి!

ఈ రోగంలో గొడవంతా పైపొరకీ దాని కింది కణజాలానికీ మధ్య, సరిహద్దులో జరుగుతుంది. మనల్ని కాపాడాల్సిన మన రోగనిరోధక టీ కణాలే వచ్చి పైపొర అడుగువరస కణాల మీద పడతాయి. లింఫోసైట్లు, అంటే ఆ టీ కణాల జాతి తెల్లకణాలు, పట్టీగా పేరుకోవడం, అడుగువరస కరిగిపోవడం, చచ్చిన కణాలు గుండ్రంగా, గులాబీరంగులో సివాట్ బాడీలై మిగలడం, మైక్రోస్కోపులో చూడాల్సినవి ఇవీ. చూడాలంటే ముందు పైపొరంటూ ఉండాలిగా. పుండంటేనే అది ఊడిపోయిన చోటు. గోడ కూలిన చోట మట్టి తీసుకెళ్లి, గోడకి చెదలు పట్టిందో లేదో చెప్పమన్నట్టుంది. ఆ పక్కనే, రెండు బుగ్గల్లోనూ, అల్లికలా తెల్లగీతలున్నాయి. టార్చి వేసుకుని అద్దంలో నేనే చూసుకోగలను. విక్‌హామ్ అనే ఆయన 1895లోనే ఆ గీతల్ని వర్ణించి పోయారు. పుండు అంచు దాటి వాటి మీద కత్తి పెట్టడానికి ఏమడ్డమొచ్చింది?

పెంఫిగస్, పెంఫిగాయిడ్ అనే పొక్కుల రోగాలు కూడా చిగుళ్లని ఇలాగే ఒలిచేస్తాయి. తేడా తేల్చే ఇమ్యునోఫ్లోరోసెన్స్ పరీక్షకి పుండు పక్క నుంచి ఇంకో ముక్క కావాలి, అదీ ముక్కలు చెడకుండా వేసే ఫార్మలిన్ ద్రవంలో వేయకుండా. నాది ఒక్క ముక్క, ఒక్క సీసా, నిండా ఫార్మలిన్. ముక్కతో పాటు వెళ్లిన ఫారంలో ఏముందో తెలుసా? "నోటి పుండు". రెండు బుగ్గల సంగతి లేదు, గీతల సంగతి లేదు. బీపీ మందులూ నొప్పి మాత్రలూ పంటిలో నింపిన అమాల్గమ్ కూడా ఇలాంటి మచ్చలే తెప్పిస్తాయి, మైక్రోస్కోపు కింద విడదీయడం కష్టం. వాటి ఊసూ లేదు.

ఆ మాటకొస్తే తమరన్నది సబబే. ఈ రోగాన్ని నిర్ధారించడానికి 2003లో సవరించిన ప్రమాణాల్లోనూ నోట్లో కనిపించేదీ మైక్రోస్కోపులో కనిపించేదీ రెండూ కలవాలనే ఉంది. కలపమనడంలో తప్పేముంది?

తప్పు చెప్పనా? ఈ రోగం ఏళ్లు గడిచాక నూటికి ఒకరికి అటూఇటూగా క్యాన్సర్‌గా మారుతుందంటారు. నేను నిన్న కూర్చున్నది ఆ ఒక్క మాట కోసం, డిస్ప్లేసియా, అంటే కణాలు క్యాన్సర్ వైపు మారే లక్షణం, ఉందా లేదా అని. పైపొరే లేని ముక్కలో అది తెలియదు. ఆ సంగతి నీకు తెలుసు. "పైపొర లేదు, ఈ ముక్క పనికిరాదు, అంచు నుంచి మళ్లీ పంపండి" అని రాస్తే నీ సొమ్మేం పోయింది? అది మింగేసి కోరిలేషనూ సూచనా అంటూ పెద్దమనిషి కబుర్లు చెప్తావా? చూసేవాళ్లకి పరీక్ష అయిపోయినట్టే ఉంది. ఫైల్లో పెట్టేశారు కూడా!

ఈలోగా మందు మొదలైంది. క్లోబెటాసోల్ అనే స్టీరాయిడ్ జెల్. ట్యూబు మీద "బాహ్య వినియోగానికి మాత్రమే" అని ఉంటుంది, పూసుకునేది నోట్లో. పూశాక అరగంట తినకూడదు, తాగకూడదు, లాలాజలానికి మాత్రం ఈ షరతు ఎవరూ చెప్పినట్టు లేదు. రోగం పోదట, మంట తగ్గి పుండు మానితే అదే భాగ్యమట. సరే, దానితో నేను పడతాను.

మళ్లీ కోయించుకోవడానికి వెళ్తున్నాను. ఈసారి ఫారం నేనే నింపి తీసుకెళ్తాను: రెండు వైపులా గీతలు, వాడే మందులు, ఏ పన్ను పక్కన ఏ ఫిల్లింగు, అన్నీ. డాక్టరుగారు సంతకం పెడితే చాలు. సీసాలు రెండు. నువ్వు రావద్దని అనను, రా. పైన మాత్రం పైపొర ఉందో లేదో రాసుకుని రా.

ఇట్లు,
ఇంకా కుట్లు పడని రెండో బుగ్గ తరఫున,
ఒక పేషెంటు