డబుల్ ఓక్డ్ బర్బన్: ముదురు రంగుకి మార్కులు వేయకండి

డబుల్ ఓక్డ్ బర్బన్ అంటే మొక్కజొన్న ప్రధానంగా చేసి, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఓక్ చెక్క పీపాల్లో పండించే అమెరికన్ విస్కీ. దీని గురించి వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది: "రెండు పీపాలంటే రెట్టింపు వయసు. మొక్కజొన్న ఎక్కువ కాబట్టి చక్కెర ఎక్కువ, అందుకే తీపి. రంగు ముదిరేకొద్దీ, గ్లాసు గోడ మీద చారలు నెమ్మదిగా దిగేకొద్దీ సరుకు మేలు. నీళ్లు పోస్తే పాడవుతుంది." ఇందులో ఒక్క మాటా నిలబడదు.

ముందు వయసు సంగతి. రెండో పీపాలో విస్కీ ఉండేది సాధారణంగా కొన్ని నెలలే. 2012లో వచ్చిన వుడ్‌ఫర్డ్ రిజర్వ్ డబుల్ ఓక్డ్ అనే బ్రాండులో, అప్పటికే పీపాలో పండిన మామూలు వుడ్‌ఫర్డ్‌నే మరో కొత్త ఓక్ పీపాలోకి మారుస్తారు. ఆ పీపా లోపలి చెక్కను చాలాసేపు సెగ చూపించి, పైపైన మాత్రమే బొగ్గు చేస్తారు. 'ఓల్డ్ ఫారెస్టర్ 1910' అనే మరో బ్రాండుకు ఇందుకు భిన్నంగా రెండో పీపాను బాగా మాడుస్తారు. రుచిని మార్చేది ఎన్ని పీపాలన్న లెక్క కాదు, చెక్కను కాల్చిన తీరు.

చక్కెర మాట మరీ తప్పు. మొక్కజొన్నలోని పిండిపదార్థం చక్కెరగా మారితే ఈస్ట్ దాన్ని ఆల్కహాల్ చేస్తుంది. మిగిలిన చక్కెర బట్టీలో ఆవిరితో పైకి రాదు. బర్బన్ చేసే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలనే అమెరికా చట్టమే రంగు, రుచి కలపడాన్నీ ఒప్పుకోదు. తీపి వాసన చెక్కదే: సెగకు చెక్కలోని హెమిసెల్యులోజ్ విరిగి క్యారమెల్ వాసన, లిగ్నిన్ విరిగి వెనిలా వాసన వస్తాయి. మొక్కజొన్న ఇచ్చేది మెత్తదనం, కాస్త నూనెదనం, ఉడికిన పొత్తు వాసన. మొక్కజొన్న పెరిగితే రై అనే ధాన్యం తగ్గుతుంది, దాని ఘాటూ తగ్గుతుంది. అప్పుడు చెక్క సులువుగా పైచేయి సాధిస్తుంది. అందుకే ఈ రకంలో మొదట వెతకాల్సిన లోపం చెక్క ఎక్కువవడం.

రంగు కొత్త పీపాలో త్వరగానే ముదురుతుంది, దాన్ని బట్టి వయసు చెప్పలేం. మన దగ్గర చాలా విస్కీలకు క్యారమెల్ రంగు కలుపుతారు, కాబట్టి రంగు చూసి అంచనా వేసే అలవాటు ఇక్కడ మరీ మోసం చేస్తుంది. చారలు చెప్పేది ముఖ్యంగా ఆల్కహాల్ సంగతే.

అసలు పరీక్ష పోల్చి చూడటం. ఒక గ్లాసులో మామూలు వుడ్‌ఫర్డ్, ఇంకోదాంట్లో డబుల్ ఓక్డ్, 20 మి.లీ. చొప్పున పోయండి. మూతి సన్నగా ఉన్న గ్లాసులు వాడండి. ఐస్ వద్దు, చల్లదనం వాసనను అణిచేస్తుంది. పది నిమిషాలు ఆగి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. ముక్కు గ్లాసులోకి దూర్చితే ఆల్కహాల్ మంట తప్ప ఏమీ తెలియదు. మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే, తీర్పు రెండో గుక్కతో. మింగాక చిగుళ్లు పిందె జామకాయ కొరికినట్టు వగరుగా బిగిస్తే చెక్క మోతాదు మించింది.

ఇక నీళ్లు. 45.2 శాతం ఆల్కహాల్ ఉన్న 20 మి.లీ. విస్కీకి అర టీస్పూను, అంటే 2.5 మి.లీ., కలిపితే దాదాపు 40 శాతానికి దిగుతుంది. చుక్కలుగా వేస్తూ చూడండి. మంట తగ్గి పొత్తు వాసన, పండు వాసన పైకి తేలితే రెండో పీపా పని సరిగ్గా చేసింది. చేదు, చెక్కపొడి వాసన మాత్రమే మిగిలితే, సీసా ధర ఎంతైనా మామూలు వుడ్‌ఫర్డే మెరుగు.