కోడ్ చూపించి కాయిల్ అమ్మకండి

కారు మిస్సింగ్ కొడుతోందని షెడ్డుకి తీసుకెళ్తే ముందు స్కానర్ పెడతారు. స్క్రీన్ మీద పీ0302 అని వస్తుంది. అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అక్కడ పెట్రోలు సరిగ్గా మండటం లేదని. ఆ స్క్రీన్ ఓనరుకి చూపిస్తారు. వెంటనే వచ్చే మాట: "కాయిల్ పోయింది సార్. ఒకటి మారిస్తే మిగతావీ పోతాయి, సెట్టు వేసేద్దాం." కాయిల్ అంటే ప్లగ్గులో నిప్పు రవ్వ పుట్టించే పార్టు. స్క్రీన్ చూపించడానికీ ఈ మాట అనడానికీ మధ్య జరగాల్సిన పని ఒకటుంది, అసలు లోపం ఎక్కడుందో వెతకడం. ఆ పని చేసేవాళ్లు తగ్గిపోయారు. చేసేవాళ్లకి డబ్బులివ్వడానికి మనకి చెయ్యి రాదు. నా కోపం రెండింటి మీదా.

అసలు ఆ కోడ్ ఎలా పుడుతుందో చూడండి. ఇంజిన్‌లో పిస్టన్ల తోపుకి తిరిగే ఇరుసు క్రాంక్ షాఫ్ట్. దానితో పాటు తిరిగే పళ్ల చక్రం ఒకటి ఉంటుంది, దాని పక్కనే ఒక సెన్సర్. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు నాలుగు సిలిండర్లూ తలా ఒకసారి తోస్తాయి. ప్రతి అర చుట్టుకీ ఒక తోపు. రెండో సిలిండర్ వంతు వచ్చినప్పుడు ఆ తోపు పడకపోతే క్రాంక్ వేగం ఒక్క క్షణం తగ్గుతుంది. ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఆ తేడా పట్టుకుని లెక్క రాసుకుంటుంది. దానికి తెలిసింది అంతే. అదొక హాజరు పట్టీ. రెండో నంబరు కుర్రాడు ఇవాళ రాలేదని రాస్తుంది. జ్వరమా, పెళ్లికెళ్లాడా, సినిమాకి చెక్కేశాడా అన్నది పట్టీలో ఉండదు.

(గుంతల రోడ్డు మీద చక్రాలు ఎగిరి పడ్డప్పుడు కూడా క్రాంక్ వేగం అలాగే ఊగుతుంది. అందుకే చాలా కార్లలో, ఏబీఎస్ చక్రాల సెన్సర్లను బట్టి రోడ్డు బాగోలేదని తెలుసుకుని ఆ కాసేపు మిస్‌ఫైర్ లెక్క పక్కన పెట్టే ఏర్పాటు ఉంటుంది. మన వీధుల్లో దానికి రోజంతా డ్యూటీయే.)

సిలిండర్ తోయాలంటే సరైన సమయానికి నిప్పు రవ్వ పడాలి, సరైన పాళ్లలో పెట్రోలు, గాలి అందాలి, లోపల కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పటి ఒత్తిడి) నిలవాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా అదే పీ0302 వస్తుంది. కాయిల్, ప్లగ్గు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, వాటికి వెళ్లే వైర్లు, వాల్వులు, పిస్టన్ రింగులు, హెడ్ ప్యాకింగ్, అన్నీ అనుమానితులే. వీటిలో కాయిల్ ఒక్కదాన్నే నిలబెట్టి దోషి అనేయడం ఎలా కుదురుతుంది?

కాయిల్ అవునో కాదో తేల్చడానికి రూపాయి ఖర్చు లేదు. సిలిండర్‌కొక కాయిల్ ఉన్న కార్లలో రెండో దాని మీది కాయిల్ తీసి మూడో దాని మీద పెట్టాలి, మూడోది తెచ్చి రెండో దాని మీద పెట్టాలి. కోడ్ చెరిపి, బండి ఎప్పుడు జర్కు ఇస్తుందో ఆ పరిస్థితిలోనే నడపాలి. ఈసారి పీ0303 వచ్చిందా, దోషం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది, కాయిలే. మళ్లీ పీ0302 వచ్చిందా, కాయిల్ నిర్దోషి. తర్వాత ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్. కొన్ని పాత మోడళ్లలో ఒకే కాయిల్ రెండు సిలిండర్లకి నిప్పిస్తుంది, 1-4 జంటకొకటి, 2-3 జంటకొకటి. అక్కడ జంటలో రెండూ కలిసి మిస్ అయితే ముందు కాయిల్‌ని చూడాలి. ఒక్కటే మిస్ అవుతుంటే ప్లగ్గు, ప్లగ్ వైరు వైపు వెళ్లాలి.

కార్బొరేటర్ కార్ల రోజుల్లో మేస్త్రీలు ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో ప్లగ్ వైరు పీకేవాళ్లు. పీకగానే ఇంజిన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ బతికున్నట్టు. పీకినా శబ్దంలో తేడా లేకపోతే చచ్చింది అదే. (ఇప్పటి కార్లలో కాయిల్‌తో ఆ పని చేయకండి, షాక్ కొడుతుంది, కాయిల్ కూడా పోవచ్చు. ఇంజెక్టర్ కప్లర్, అంటే వైర్లు తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్, తీసి చూస్తారు.) స్కానర్ అన్న మాటే వినని మనుషులు చెవితో అంత పని చేశారు. చేతిలో వేలు పోసి కొన్న స్కానర్ ఉన్నాయన కాయిల్ పక్క సిలిండర్ మీదకి మార్చి చూడ్డానికి బద్ధకించడం నాకు మింగుడు పడదు.

మా బావమరిది కారు సంగతే చెప్తాను. విజయవాడ. నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏసీ వేసుకుని నాలుగో గేరులో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జర్కులు, చెక్ ఇంజిన్ లైటు. ఐడిలింగ్‌లో మాత్రం ఏమీ లేదు. ఒక పెద్ద వర్క్‌షాపులో ముందు ప్లగ్గులు నాలుగూ మార్చారు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలు. కాయిల్స్ నాలుగూ మార్చారు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలు. ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నారు, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అన్నారు, ట్యాంకులో ఏదో సీసా పోశారు. మొత్తం 17 వేల చిల్లర. చివరికి "ఈసీఎం మీద డౌటుంది సార్" అన్నారు. ఈసీఎం రేటు విన్నాక మావాడికి రాత్రి నిద్ర లేదు.

అప్పుడు ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రికల్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన స్కానర్ పెట్టి కోడ్ చూసి పక్కన పెట్టేశాడు. "జర్కు ఎప్పుడు, ఎక్కుడు మీదా, దిగుడు మీదా? ఏసీ వేస్తేనా? వానలో ఎక్కువా?" అని అడిగాడు. ఆ పెద్ద వర్క్‌షాపులో ఇన్నిసార్లలో ఒక్కరూ అడగని ప్రశ్నలివి. ఐడిలింగ్‌లో వణికి, రేస్ ఇస్తే సర్దుకుంటే ఎక్కడో గాలి లీకు మీద అనుమానం. లోడ్ పడ్డప్పుడే వస్తే నిప్పు వైపు అనుమానం. లోడ్ మీద సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగే కొద్దీ ప్లగ్గు గ్యాపు దాటడానికి రవ్వకి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఏమాత్రం బలహీనత ఉన్నా అక్కడే బయటపడుతుంది.

కాయిల్ మార్చి చూశాడు, కోడ్ రెండు దగ్గరే ఉంది. ప్లగ్గు తీసి వెలుతురుకి పెట్టి తిప్పాడు. తెల్లటి పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉంటే కరెంటు గ్యాపు దాటకుండా పక్కదారిన పోతోందని అర్థమట. గీత లేదు. ప్లగ్గు కూర్చునే గుంటలో టార్చి వేసి చూశాడు. ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోతే అక్కడ ఆయిల్ నిలుస్తుంది, కాయిల్ రబ్బరు నాని పాడవుతుంది. అక్కడా పొడిగానే ఉంది. ఇక కప్లర్లు. ఇంజిన్ నడుస్తుండగా రెండో కాయిల్ కప్లర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఊపాడు. ఇంజిన్ దబుక్కున కుంటింది. వదిలేస్తే మామూలైంది. మళ్లీ ఊపితే మళ్లీ కుంటింది.

విషయం ఏమిటంటే ఇంజిన్ వేడికి కప్లర్ ప్లాస్టిక్ ఎండి పెళుసెక్కింది. ఎప్పుడో ఎవరో తీస్తుంటే లాక్ విరిగింది. విరిగిన దాన్ని ట్యాగ్‌తో కట్టేసి ఊరుకున్నారు. లోపల ఎర్త్ పిన్ను విచ్చుకుని వదులైంది. లోడ్ మీద ఇంజిన్ ఊగితే కప్లర్ వెంట్రుకవాసి వెనక్కి జరిగి కాయిల్‌కి ఎర్త్ పోతోంది. ఇప్పుడు ఆ వర్క్‌షాపు బిల్లులన్నీ అర్థమయ్యాయి. ప్లగ్గు మార్చాలంటే కాయిల్ తీయాలి, కాయిల్ తీయాలంటే కప్లర్ పీకి మళ్లీ నొక్కి పెట్టాలి. ఆ నొక్కుడుకి కొన్నాళ్లు బాగయ్యేది. పేరు మాత్రం కొత్త పార్టు కొట్టేసేది! పార్టు మారిస్తే తగ్గింది కాబట్టి పార్టే పోయిందనే లెక్క ఎంత మోసమో దీన్ని బట్టి చూడండి. ఆ వర్క్‌షాపు వాళ్లు కావాలని ముంచారని కూడా నేననను. తగ్గింది కదా అని వాళ్లూ నిజంగానే నమ్మి ఉంటారు.

మేస్త్రీ కొత్త కప్లర్, కొత్త పిన్నులు వేసి, 80 రూపాయల సామాను, 600 మజూరీ అన్నాడు. మా బావమరిది నా చెవి దగ్గరికొచ్చి, "బావా, పిన్ను వేసినందుకు ఆరొందలా?" అన్నాడు.

17 వేలకి మాట్లాడని మనిషి! ఎందుకంటే అక్కడ డబ్బాలు కనిపించాయి, కంపెనీ స్టిక్కరుతో కొత్త కాయిల్స్ కనిపించాయి. ఇక్కడ కనిపించింది రెండు వేళ్లతో ఊపడం. వాడొక్కడే కాదు, మనమందరం ఇంతే. "చెక్ చేయడానికి గంట పడుతుంది, 800 అవుతుంది, ఆ తర్వాతే పార్టు సంగతి" అని ఒక మెకానిక్ నిజాయితీగా చెప్తే పక్క షెడ్డుకి వెళ్లిపోతాం. పక్క షెడ్డు ఆయన చెకింగ్ ఫ్రీ అంటాడు. ఫ్రీ ఎందుకంటే కాయిల్ సెట్టులో మార్జిన్ ఉంది. వెతికేవాడికి కూలీ గిట్టదు, అమ్మేవాడికి గిట్టుతుంది, అలాంటప్పుడు కుర్రాళ్లు ఏ విద్య నేర్చుకుంటారు? మా ఆటోనగర్ మేస్త్రీ దగ్గర ఇప్పుడు పని నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు. అడిగితే, "వాళ్లంతా ఫిట్టింగ్ వైపు పోతున్నారండీ, అక్కడైతే రోజుకి నాలుగు బళ్లు దింపొచ్చు" అన్నాడు.

ఇంకో దురాచారం బ్యాటరీ టెర్మినల్ పీకడం. లైటు వెలిగిందంటే చాలు, పది నిమిషాలు టెర్మినల్ తీసి పెట్టు, పోతుంది అని సలహా ఇచ్చేవాళ్లు వీధికి నలుగురు. కోడ్ పడ్డప్పుడు ఇంజిన్ ఎంత స్పీడులో ఉంది, ఎంత వేడిగా ఉంది, లోడ్ ఎంత అనే వివరాలు ఈసీఎం కోడ్‌తో పాటు దాస్తుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. వెతికేవాడికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. టెర్మినల్ పీకితే చాలా బళ్లలో కోడ్‌తో పాటు అదీ పోతుంది. లోపం అక్కడే ఉంటుంది, సాక్ష్యం ఒక్కటే చెరిగిపోతుంది. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌కి పెట్టే బ్లూటూత్ రీడర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. ఒకటి కొనుక్కుని, షెడ్డుకి వెళ్లే ముందే ఆ వివరాలు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఈ మధ్య ప్రతి జర్కుకీ ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుని తిట్టడం ఫ్యాషన్ అయింది. ఇథనాల్ మీద నాకూ ఫిర్యాదులున్నాయి. మైలేజీ తగ్గడం నిజం, దానికి నీటిని పీల్చే గుణం ఉండటమూ నిజం. కానీ పెట్రోలు ఒకే ట్యాంకు నుంచి ఒకే ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) ద్వారా అన్ని సిలిండర్లకీ వెళ్తుంది. ట్యాంకులో నీళ్లు చేరితే దెబ్బ రెండో సిలిండర్ ఒక్కదానికే తగలదు. అప్పుడు సాధారణంగా వచ్చేది పీ0300, అంటే ఫలానా అని చెప్పలేనట్టు అన్నింటా మిస్ అవడం. ఎప్పుడూ ఒక్క సిలిండరే మిస్ అవుతుంటే బంకు వాడిని వదిలేసి బానెట్ ఎత్తండి.

సీఎన్‌జీ బళ్ల వాళ్లు ఇంకాస్త జాగ్రత్త. గ్యాస్‌ని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి అరిగిన ప్లగ్గు పెట్రోలు మీద సర్దుకుపోయినా గ్యాస్ మీద మొరాయిస్తుంది. అందుకే పెట్రోలుకి మార్చగానే జర్కు పోయిందా లేదా అన్నది మేస్త్రీకి తప్పకుండా చెప్పాలి. గ్యాస్ మీద బాగా తిరిగిన బళ్లలో వాల్వ్ సీట్లు అరిగి, వాల్వు కాడ మీద ఉండాల్సిన సందు (క్లియరెన్స్) తగ్గిపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. అది ఎన్ని కాయిల్స్ మార్చినా తగ్గదు, కంప్రెషన్ గేజ్ పెట్టి చూడాల్సిందే. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువొస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ ప్యాకింగో. ఇదంతా అరగంట పని. దీనికి ముందే హెడ్ దింపుదాం అన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి.

ఇంత వెతుకులాట దేనికి, నడుస్తోంది కదా అనుకునేవాళ్లకి ఒక్క మాట. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోవచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు తీసి, పక్కకి ఆపడమే మంచిది. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ అంటుకుంటోందన్నమాట. ఆ వేడికి లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ కరిగిపోవచ్చు. దాని మీద పూత పెట్టేది ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలు, కొత్తది కొనాలంటే ఎంతవుతుందో ఒకసారి రేటు కనుక్కోండి.

ఈసారి బండి మిస్ అయితే షెడ్డులో "ఎంతవుతుంది?" అని అడగకండి. "వెతకడానికి ఎంత తీసుకుంటారు?" అని అడగండి. రేటు చెప్తే బేరమాడకుండా ఒప్పుకోండి, కాయిల్ అటూ ఇటూ మార్చి చూశారా అని పక్కనే నిలబడి చూడండి, మార్చిన పాత పార్టు డిక్కీలో వేయించుకోండి. చెకింగ్ ఫ్రీ అన్నారా, తాళాలు తీసుకుని వచ్చేయండి.