సవరణ: పశువుల సాలని ఇల్లు చేసేటప్పుడు పురావస్తు పర్యవేక్షణ

మొన్న ఇంగ్లాండ్ పల్లెల్లో ధాన్యం దాచే పాత కొట్టాల్ని ఇళ్ళుగా మార్చేటప్పుడు తవ్వకం దగ్గర పురావస్తు నిపుణులు నిలబడి చూస్తారని రాశా కదా, అది చదివి విశాఖ దగ్గర ఆనందపురం వైపు వాళ్ళు కొందరు మా సాలకి కూడా పర్మిషన్ కావాలా అని అడుగుతున్నారు, కాబట్టి క్లియర్‌గా చెప్తున్నా.

ఆ రూల్ అక్కడిది. అదీ ప్రతి కొట్టానికీ కాదు, నేలలో పాత ఆనవాళ్ళు ఉండొచ్చనుకుంటేనే ప్లానింగ్ పర్మిషన్‌లో షరతు పెడతారు, ఖర్చు ఓనర్‌దే. పళ్ళు లేని బకెట్‌తో జేసీబీ పల్చగా పొరలు తీస్తుంటే పక్కనే నిలబడి మట్టి రంగు చూస్తారు, గుండ్రటి నల్లటి మచ్చ కనబడితే ఒకప్పుడు అక్కడ కర్ర స్తంభం పాతి ఉండొచ్చు, అందుకే ఆపించి తాపీతో గీకుతారు. నాకైతే ఇదే అసలైన పని అనిపిస్తుంది.

మన దగ్గర లెక్క వేరు. అనకాపల్లి దగ్గర శంకరంలోని బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడాలకి 1958 పురాతన కట్టడాల చట్టం, దాని 2010 సవరణ ప్రకారం 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రాలు తొట్లకొండ, బావికొండ రాష్ట్ర పురావస్తు శాఖ కిందవి, ఈ కొలతలు వాటికి అంటగట్టకండి.

ఇంకోటి, పునాదిలో నాణేలో విగ్రహమో దొరికి విలువ పది రూపాయలు దాటితే 1878 గుప్తనిధుల చట్టం (ట్రెజర్ ట్రోవ్ యాక్ట్) ప్రకారం కలెక్టర్‌కి చెప్పాల్సిందే, దయచేసి కడిగి తోమి ఇంట్లో పెట్టుకోకండి.