మందు చెన్నైలో పుట్టింది, నిలబెట్టేదెవరు?

పోయినేడు మా పెద్దమ్మకి యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరితే చెన్నైలో ఒక ఆస్పత్రిలో చేర్పించాం. మూడో రోజు కల్చర్ రిపోర్టు వచ్చింది. నోటితో వేసుకునే మందులన్నిటి పక్కనా ‘రెసిస్టెంట్’ అనే ఉంది, అంటే ఆ క్రిమి మీద అవి పనిచేయవని. చివరికి మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ ఎక్కిస్తే తగ్గింది. అదీ పనిచేయకపోతే? ఆ టెన్షన్‌తోనే అప్పట్నుంచీ దీని గురించి చదువుతున్నాను.

ఈ ఊళ్లోనే ఆర్కిడ్ ఫార్మా శాస్త్రవేత్తలు ఎన్‌మెటాజోబాక్టమ్ అనే కొత్త మందు కనిపెట్టారని అలా చదివితేనే తెలిసింది. కొన్ని ఇ.కోలై బ్యాక్టీరియాలు ఒక ఎంజైముతో సెఫెపిమ్ లాంటి యాంటీబయాటిక్‌ని విరగ్గొట్టేస్తాయి. ఇది వెళ్లి ఆ ఎంజైముకే అతుక్కుపోతుంది, సెఫెపిమ్ తన పని తాను చేసుకుపోతుంది. ముదిరిన మూత్రనాళ ఇన్ఫెక్షన్ల మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో జబ్బు తగ్గి, బ్యాక్టీరియా కూడా పోయినవాళ్లు ఈ జోడీతో 79 శాతం, ఇప్పటికే వాడుకలో ఉన్న పిపెరాసిలిన్-టాజోబాక్టమ్‌తో 59 శాతం. 2024 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది.

ఇదే మద్రాసులో వైద్యం చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో 1948లో అమెరికాలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది కదా, ఆ వరసలో దీన్నీ తలుచుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కానీ మధ్యలో జరిగింది చూడండి. 2013లోనే ఎన్‌మెటాజోబాక్టమ్ యూరప్‌లోని అలెక్రా అనే కంపెనీ చేతికి వెళ్లింది, 2017లో ఆర్కిడ్ అప్పులతో దివాలా ప్రక్రియలోకి పోయింది. అమెరికాలో అకేయోజెన్ అనే కంపెనీది ఇంకా ఘోరం: 2018లో ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కి ఆమోదం తెచ్చుకుని 2019 ఏప్రిల్‌కల్లా దివాలా. షుగరు మాత్ర జీవితాంతం అమ్ముడవుతుంది; కొత్త యాంటీబయాటిక్‌ని మాత్రం డాక్టర్లు దాచి దాచి, వేరే దారి లేనప్పుడే, అదీ వారం పది రోజులే వాడాలి. అలా వాడితేనే అది నాలుగు కాలాలు పనిచేస్తుంది, అలా వాడితేనే కంపెనీ మునుగుతుంది. అమ్ముడైన సీసాల లెక్కన డబ్బిచ్చినంత కాలం ఈ ముడి వీడదు.

ఇంగ్లండ్ 2022లో వేరే దారి పట్టింది. రెండు యాంటీబయాటిక్స్‌కి, ఎంత వాడినా ఎంత వాడకపోయినా, ఒక్కోదానికి ఏడాదికి కోటి పౌండ్ల దాకా ఇచ్చేలా ఒప్పందం చేసుకుంది. మన దగ్గర కుదరదనేవాళ్లకి ఒక మాట: 1994లో పెట్టిన, తమిళనాడు ప్రభుత్వ ఆస్పత్రులకి మందులు కొనిపెడుతున్న టీఎన్‌ఎంఎస్‌సీ (తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్) ఉంది, దాని పద్ధతి చూసి వేరే రాష్ట్రాలు నేర్చుకున్నాయి. అలాంటి ఒప్పందం అది ఒక్క మందుతో మొదలుపెట్టొచ్చు, కేంద్రం కూడా చెయ్యి వేయాలి. ఎందుకంటే ఈ ఒక్క మందుతో అవసరం తీరదు: ఎన్‌డీఎం అనే మరో ఎంజైమున్న బ్యాక్టీరియా మీద ఎన్‌మెటాజోబాక్టమ్ పనిచేయదు, ఆ ఎంజైమేమో 2010లోనే చెన్నై శాంపిళ్లలో బయటపడింది.