స్కాట్లాండ్ సంగతి మనకెందుకు అనకండి

2014 సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ విడిగా ఒక దేశం కావాలా అని జనాన్ని అడిగినప్పుడు, ఓటు హక్కు ఉన్నవాళ్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. కామన్‌వెల్త్ దేశ పౌరులై, సరైన వీసాతో స్కాట్లాండ్‌లో నివాసం ఉంటే చాలు. అదే గ్లాస్గోలో పుట్టి పెరిగి లండన్‌లో స్థిరపడిన స్కాటిష్ మనిషికి ఓటు లేదు. నీ తాతముత్తాతలు ఎవరని ఎవరూ అడగలేదు. ఎక్కడ ఉంటున్నావనే అడిగారు. ఒక జాతి తన భవిష్యత్తును తేల్చుకునే రోజున, మొన్న మొన్న వచ్చి చేరినవాళ్ల చేతికి కూడా బ్యాలెట్ పేపరు ఇవ్వడం చిన్న విషయం కాదు.

అందుకే స్కాట్లాండ్‌లోని మన తెలుగు సంఘం కలయికల్లో ఈ స్వాతంత్ర్య ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపించే "మనకెందుకండీ, వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు" అనే మాట నాకు మింగుడుపడదు. మనవాళ్లు ఇక్కడి ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలు చేస్తున్నారు. ఇళ్లు కొన్నారు. పిల్లలు ఇక్కడి బళ్లో చదువుతూ జనవరిలో స్కాటిష్ కవి రాబర్ట్ బర్న్స్ పద్యాలు అప్పజెబుతున్నారు. వాళ్లు మనల్ని ఇంటివాళ్లుగా లెక్కేస్తుంటే, మనమే చుట్టపుచూపుగా వచ్చినట్టు మసలుకోవడం ఏం బాగుంటుంది?

ఇంటివాళ్లుగా మాట్లాడాలంటే ముందు ఇంటి చరిత్ర సరిగా తెలియాలి. మనవాళ్లలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది: ఇంగ్లండ్ మనల్ని ఏలినట్టే వీళ్లనీ ఏలిందని, కాబట్టి ఇది మన స్వాతంత్ర్య పోరాటం లాంటిదేనని. కాదు. 1603లో స్కాట్లాండ్ రాజే ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాడు. 1707లో రెండు పార్లమెంట్లూ చట్టాలు చేసుకుని ఒక్కటయ్యాయి. ఆ ఒప్పందం వెనుక డబ్బు ఒత్తిడి ఉంది, వీధుల్లో జనం వ్యతిరేకతా ఉంది. అయినా అది దండయాత్ర కాదు. న్యాయవ్యవస్థ, చర్చి స్కాట్లాండ్‌కి విడిగానే మిగిలాయి, చదువుల పద్ధతీ వేరుగానే సాగింది. ఆ తర్వాత సామ్రాజ్యం పంచిపెట్టిన లాభాల్లో స్కాటిష్ వాళ్లు వాటా గట్టిగానే తీసుకున్నారు. ఈస్టిండియా కంపెనీ కొలువుల్లో వాళ్లు ఎంతమంది ఉండేవారో తెలియాలంటే మన జిల్లాల చరిత్ర తిరగేస్తే చాలు.

దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోది గ్లాస్గో. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. రాయలసీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. ఇక మన ఊళ్ల కైఫియత్తులు రాయించిన కాలిన్ మెకంజీ పుట్టింది లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన తరఫున ఊరూరా తిరిగి, కరణాల దగ్గర, పూజారుల దగ్గర స్థలపురాణాలు, శాసనాలు, వంశావళులు సేకరించారు. కంపెనీకి పటాలు, భూముల వివరాలు కావాలి కాబట్టే మెకంజీ మన ఊళ్లు సర్వే చేశాడు, అది మరచిపోనక్కర్లేదు. కానీ ఆ కాగితాలు లేకపోతే ఆంధ్ర, రాయలసీమ ఊళ్లు ఎన్నిటికో ఇవాళ రాతలో చరిత్రే ఉండేది కాదు.

మన ఊళ్ల జ్ఞాపకాలను కాగితం మీద పెట్టించిన ఆ మనిషి సొంత దీవిలో ఇవాళ ఒక భాష ఊపిరి అందక అల్లాడుతోంది. స్కాట్లాండ్ సంస్కృతి అనగానే కిల్ట్ (మగవాళ్లు కట్టే గళ్ల పావడా), బ్యాగ్‌పైప్, హాగిస్ గుర్తొస్తాయి కదా, నన్నడిగితే అసలు సంగతి ఇక్కడి కొండల్లో, దీవుల్లో తరతరాలుగా మాట్లాడే గాలిక్ భాషది.

గాలిక్‌ని తొక్కింది లండన్ ఒక్కటే కాదు. 1616లోనే, అంటే రెండు పార్లమెంట్లు కలవడానికి తొంభై ఏళ్ల ముందే, ఎడిన్‌బరోలోని ప్రివీ కౌన్సిల్, అంటే రాజుగారి సలహా మండలి, ఊరూరా ఇంగ్లీషు బళ్లు పెట్టాలని, హైలాండ్స్ అనే కొండప్రాంతపు భాషను రూపుమాపాలని తీర్మానించింది. పల్లపు ప్రాంతపు స్కాటిష్ పెద్దలకు కొండల్లో, దీవుల్లో ఉండే సొంత జనమే అనాగరికులుగా కనిపించారు. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో, గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం తరఫున పోరాడిన జాకొబైట్లు ఓడాక హైలాండ్ దుస్తుల మీద నిషేధం పెట్టారు. అది 1782 దాకా నడిచింది. 1872 విద్యా చట్టంలో గాలిక్ ఊసే లేదు. చట్టం పట్టించుకోని భాషను బడి ఎలా చూస్తుందో చెప్పక్కర్లేదు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది 1822 నాటి సంగతి. నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు. ఆయన కోసం ఊరంతా టార్టన్ అనే గళ్ల బట్ట కట్టింది, రాజుగారూ కిల్ట్ తొడిగారు. కొండజాతుల వేషమని అంతకుముందు ఈసడించిన పెద్దమనుషులే పోటీలుపడి అవే బట్టలు కుట్టించుకున్నారు. దాదాపు అదే కాలంలో, ఉత్తరాన సదర్లాండ్‌లో, ఆ బట్టలు అసలు ఎవరివో వాళ్లను గొర్రెల మేత కోసం ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. పైకప్పు దూలాలు తగలబెట్టి మరీ ఖాళీ చేయించారు. సముద్రపు ఒడ్డున చేలగట్టంత నేల చూపించి బతకమన్నారు. బతకలేనివాళ్లు ఓడెక్కి కెనడా పోయారు. బట్టకేమో పట్టం కట్టారు, కట్టుకున్న మనిషిని మాత్రం ఊరు దాటించారు. సంస్కృతిని కాపాడతామని ఎవరు ముందుకొచ్చినా నేను ముందుగా చూసేది ఇదే: వాళ్లు కాపాడేది వేషాన్నా, మనుషులనా?

ఇప్పటి పరిస్థితికి వస్తే, 1891 జనగణనలో గాలిక్ మాట్లాడేవాళ్లు రెండున్నర లక్షల పైమాటే. 2022లో దాదాపు 70 వేలు. 2011తో పోలిస్తే ఇది పెరుగుదలే, అందుకు సంతోషించాలి. కానీ పెరిగింది ఎక్కడ? గ్లాస్గో, ఎడిన్‌బరో బళ్లలో, పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లలో. భాషకు పుట్టిల్లయిన పశ్చిమ దీవుల్లో మాత్రం మాట్లాడేవాళ్లు జనాభాలో సగంకన్నా తక్కువకు పడిపోయారు. ఆ దీవుల్లో గాలిక్ వీధి భాషగా ఇంకో పదేళ్లకు మించి నిలవకపోవచ్చని 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్వవిద్యాలయ అధ్యయనం హెచ్చరించింది.

కారణం వ్యాకరణ పుస్తకాలు లేకపోవడం కాదు. స్కై లాంటి దీవుల్లో ఇళ్లు సెలవుల ఇళ్లుగా మారిపోతున్నాయి. బ్రిటన్ దక్షిణ ప్రాంతాల నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి కొంటుంటే, అక్కడ పుట్టిన కుర్రాడికి అద్దెకు కూడా గది దొరకదు. ఉద్యోగం కోసం, ఇంటి కోసం గ్లాస్గో వచ్చేస్తాడు. భార్యతో ఇంగ్లీషు, పిల్లలతో ఇంగ్లీషు. కోనసీమ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి అబర్డీన్ దాకా వచ్చినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పాలా?

ఇక్కడ నేను స్వాతంత్ర్యవాదులను గట్టిగా అడిగే మాట ఒకటుంది. ఇళ్లు, బళ్లు, దీవులకు తిరిగే ఫెర్రీలు, ఇవన్నీ 1999 నుంచి ఎడిన్‌బరో పార్లమెంటు చేతిలోనే ఉన్నాయి. వీటికి లండన్ అడ్డుపడలేదు. అరాన్ దీవికి 2018లో రావాల్సిన ఫెర్రీ 2025 జనవరిలో ప్రయాణికులను ఎక్కించుకుంది. పడవ సమయానికి రాని దీవిలో కుర్రజంట ఎలా నిలబడుతుంది? 2005లో గాలిక్ చట్టం చేశారు, 2008లో టీవీ చానల్ వచ్చింది, 2025లో గాలిక్‌కీ, పల్లపు ప్రాంతపు భాష అయిన స్కాట్స్‌కీ అధికార హోదా ఇస్తూ చట్టం చేశారు. అన్నీ మంచి పనులే. కానీ ఇంట గెలిచాకే రచ్చ గెలవాలి. దేశం వచ్చాక చూద్దామని ఆగితే ఆనాటికి దీవిలో వినేవాడు మిగలడు. ఐర్లండ్ 1922లోనే విడిపోయింది, ఐరిష్ మొదటి అధికార భాష కూడా అయింది. అయినా ఆ భాష పల్లెల్లో వెనకడుగు వేస్తూనే ఉంది.

ఆశ లేదనను. నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం గ్లాస్గోలో తమ పాపను గాలిక్ మీడియం ప్రైమరీ బడిలో చేర్పించింది. అక్కడ మొదటి రెండు మూడేళ్లు పాఠాలన్నీ గాలిక్‌లోనే, ఇంగ్లీషు చదవడం రాయడం తర్వాత మొదలుపెడతారు. ఇంగ్లీషు వెనకబడుతుందేమోనని వాళ్లమ్మకు మొదట్లో ఒకటే టెన్షన్. తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ ఒకరోజు పాప హోంవర్కు గట్టిగా చదువుతుంటే విని, "ఇదేం భాషే తల్లీ, ఇంగ్లీషు కాదా?" అంది. "కాదు అమ్మమ్మా, ఇది ఇక్కడివాళ్లది," అని పాప మళ్లీ చదువుకోసాగింది. ఇప్పుడు ఆ పాప ఇంట్లో తెలుగు, బళ్లో గాలిక్, ఆటస్థలంలో అచ్చమైన గ్లాస్గో యాసలో ఇంగ్లీషు మాట్లాడుతుంది. ఏ ఒక్కటీ ఇంకోదాన్ని తినెయ్యలేదు. తెలుగు నేర్పితే ఇంగ్లీషు పోతుందని భయపడే తల్లిదండ్రులు ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రావాలి.

ఇక అసలు ప్రశ్న: విడిపోవాలా? 2014లో 55 శాతం వద్దన్నారు, 45 శాతం కావాలన్నారు. ఓటేసినవాళ్లు దాదాపు 85 శాతం. ఆ తీర్పును గౌరవించాలి. కానీ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలంటే బ్రిటన్‌లోనే ఉండండి అని విడిపోవద్దన్నవాళ్లు అప్పట్లో చెప్పారు. రెండేళ్లు తిరక్కుండానే బ్రెగ్జిట్ ఓటింగ్‌లో స్కాట్లాండ్‌లో 62 శాతం ఉంటామన్నారు, అయినా బయటికి రావాల్సి వచ్చింది. 2021లో ఇక్కడి పార్లమెంటులో స్వాతంత్ర్యం కోరే పార్టీలకే మెజారిటీ వచ్చింది. లండన్ ఒప్పుకోకుండా మళ్లీ జనాన్ని అడిగే అధికారం ఆ పార్లమెంటుకు లేదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తర ఐర్లండ్‌కు అలాంటి ఓటింగ్‌కి చట్టంలో దారి ఉంది. స్కాట్లాండ్‌కు లేదు. ఇది స్వచ్ఛందంగా కలిసిన బంధం అంటూనే, తలుపు ఎక్కడుందో చెప్పకపోవడం న్యాయం కాదు.

మనకు నేరుగా తగిలే విషయం వలస విధానం. అది పూర్తిగా లండన్ చేతిలో ఉంది. స్కాట్లాండ్‌లో జననాలు తగ్గుతున్నాయి, పనిచేసే చేతులు కావాలి. 2005లో ఇక్కడి ప్రభుత్వం లండన్‌ను ఒప్పించి, చదువు పూర్తిచేసిన విదేశీ విద్యార్థులు రెండేళ్లు ఉండి పనిచేసుకునే పథకం తెచ్చింది. 2008లో దాన్ని బ్రిటన్ మొత్తానికి పెట్టిన కొత్త పద్ధతిలో కలిపేశారు, 2012లో ఆ దారి కూడా మూసేశారు. ఎవరు కావాలో ఇక్కడివాళ్లకు తెలుసు, ఎవరు ఉండాలో అక్కడివాళ్లు తేలుస్తారు. కరెన్సీ ఏమవుతుంది, ఇంగ్లండ్ సరిహద్దు ఏమవుతుంది, బడ్జెట్ లోటు ఎవరు భరిస్తారు అనేవి నిజమైన చిక్కులే. వాటికి విడిపోవాలనే యస్ వర్గం ఇంకా సరైన జవాబు చెప్పలేదు. అన్నీ తూచి చూసుకున్నాకే, మళ్లీ అడిగితే నా ఓటు యస్ అని నిర్ణయించుకున్నాను. ఈ నేల మీద ఉండేవాళ్లందరినీ తనవాళ్లనుకునే ఒక రాజకీయం ఇక్కడ బతికి ఉంది. ఉర్దూలో ప్రమాణం చేసిన హంజా యూసఫ్ ఇక్కడ ప్రభుత్వ పెద్ద, అంటే ఫస్ట్ మినిస్టర్ అయ్యాడు. ఆ రాజకీయానికి తన ఇంటి తాళంచెవులు తన దగ్గరే ఉండాలని నా కోరిక.

మీరు నో అనొచ్చు, దానికీ బలమైన కారణాలున్నాయి. గోడ మీద పిల్లివాటంగా ఉండటమే మనకు తగదు. అదే 2014లో, జూన్ 2న తెలంగాణ వచ్చింది. రాష్ట్రం వేరు, దేశం వేరు, రెండిటినీ ఒకే గాటన కట్టను. కానీ సినిమాల్లో తమ యాసను నవ్వులాటకు వాడితే కడుపు ఎలా మండుతుందో, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినప్పుడు ఎంత సంబరంగా ఉంటుందో మన సంఘంలోనే చెప్పగలిగినవాళ్లున్నారు. బడిలో స్కాట్స్ మాట్లాడినందుకు తోలు పట్టీతో దెబ్బలు తిన్న తరం ఇక్కడ ఇంకా ఉంది. మీ వీధిలో పెద్దవాళ్లెవరైనా ఉంటే టీకి పిలిచి అడగండి, చెబుతారు.

కార్యవర్గానికి నాదొక ప్రతిపాదన. వచ్చే ఉగాది సభలో ఒక గంట గాలిక్ గాయకబృందానికి ఇద్దాం, మన పిల్లలతో కలిపి పాడిద్దాం. ఎన్నికల ముందు అన్ని పార్టీల అభ్యర్థులనూ పిలిచి మూడు విషయాలు అడుగుదాం: దీవుల్లో యువతకు ఇళ్లు, గాలిక్ టీచర్ల కొరత, స్కాట్లాండ్ అవసరాలకు తగ్గ వీసా. 16 ఏళ్లు నిండిన మన పిల్లలకు ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది, స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకూ ఉంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆ రోజే ఒక టేబుల్ వేసి ఓటు నమోదు చేయిద్దాం. ప్రశ్నలు రాయడం, నమోదు టేబుల్ దగ్గర కూర్చోవడం నేను చూసుకుంటాను. హాలు సంగతి మీరు చూడండి.