ఆగస్టు ఆట ఎవరికి అవసరం?

2008లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ ఆగస్టులో ఆడిన 4 సన్నాహక మ్యాచ్‌లూ గెలిచి, సెప్టెంబరులో అసలు సీజన్ మొదలయ్యాక 16కు 16 ఓడిపోయింది. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌దీ అచ్చంగా అదే కథ. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ప్రీసీజన్, అంటే ఈ సన్నాహక మ్యాచ్‌ల, ఫలితాల విలువ ఏపాటిదో చెప్పడానికి ఈ రెండు ఉదంతాలు చాలు. గెలిచినా ఓడినా లెక్కలోకి రాని ఆట కోసం ఆటగాళ్ల మోకాళ్లను పణంగా పెట్టడం ఎందుకన్న ప్రశ్న అందుకే ఏటా లేస్తూ ఉంటుంది.

ఒకప్పుడు దీనికి సూటి జవాబు ఉండేది. జీతాలు అంతంతమాత్రంగా ఉన్న కాలంలో ఆటగాళ్లు సీజన్ ముగియగానే వేరే ఉద్యోగాలు చూసుకునేవారు, వేసవి శిబిరానికి వచ్చాకే ఒళ్లు కుదుటపరుచుకునేవారు. ఇప్పటివారు ఏడాది పొడవునా సాధన చేస్తూనే ఉంటారు. అయినా ఆటలు తగ్గిన తీరు చూస్తే లీగ్ లెక్క వేరని తెలుస్తుంది. 1977 వరకు 14 అసలు మ్యాచ్‌లకు ముందు 6 ప్రీసీజన్ మ్యాచ్‌లు, 1978 నుంచి 16కు 4, 2021 నుంచి 17కు 3. ఎలా కూడినా మొత్తం 20. అంటే ఆటగాళ్ల మీది భారం తగ్గలేదు, అమ్ముడుపోని ఆట స్థానంలోకి అమ్ముడుపోయే ఆట వచ్చిందంతే.

జట్టు సన్నద్ధతకు ఈ మ్యాచ్‌లు తప్పనిసరి అన్న వాదనకు 2020లో గట్టి దెబ్బ తగిలింది. కోవిడ్ వల్ల ఆ ఏడాది ప్రీసీజన్ మొత్తం రద్దయింది. సెప్టెంబరులో నేరుగా బరిలోకి దిగిన జట్లు, ఒక్కో మ్యాచ్‌కు సగటున 24.8 పాయింట్ల చొప్పున, లీగ్ చరిత్రలో అప్పటివరకూ లేనంత స్కోరు చేశాయి. ప్రేక్షకుల హోరు లేని ఖాళీ స్టేడియాలు, రిఫరీలు కొన్ని ఫౌళ్లను చూసీచూడనట్టు వదిలేయడం కూడా దాడి చేసే జట్లకు కలిసొచ్చిన మాట నిజమే. కానీ ఆట అడుగంటిపోతుందన్న భయం మాత్రం వట్టిదని తేలింది. లాస్ ఏంజిలెస్ రామ్స్ కోచ్ షాన్ మెక్‌వే అయితే ప్రధాన ఆటగాళ్లను ఆగస్టులో దాదాపు మైదానం తొక్కనీయకుండానే 2021 సీజన్ సూపర్‌బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు. దీనికి ఎదురుగా సిన్సినాటి బెంగాల్స్‌ను చూపిస్తారు. వరుసగా మూడేళ్లు మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిన ఆ జట్టు, 2025లో జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జో బరోను ప్రీసీజన్‌లో ఆడించాక ఆ రెండూ గెలిచింది. అయితే ఆ రెండో మ్యాచ్‌లోనే బరో కాలి బొటనవేలి గాయంతో బయటికి వెళ్లాడు. ఒక్క జట్టు అనుభవాన్ని పట్టుకుని సూత్రం చెప్పబోతే ఇలాగే ఉంటుంది.

ప్రీసీజన్ గాయాల జాబితా పొడవైనదే. 2003లో మైకేల్ విక్ కాలు విరిగింది. 2015లో జోర్డీ నెల్సన్‌కు, 2024లో ఇంకా ఒక్క అసలు మ్యాచ్ కూడా ఆడని జేజే మెకార్తీకి సీజన్ మొత్తం పోయింది. వీటన్నిటిలో నన్ను ఆలోచనలో పడేసేది మాత్రం 1999 ఆగస్టు 28 నాటి ఘటన. ఆ రోజు సెయింట్ లూయిస్ రామ్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతింది. అతని స్థానంలోకి వచ్చిన కర్ట్ వార్నర్, అంతకు కొన్నేళ్ల ముందు అయోవాలోని ఒక కిరాణా సూపర్‌మార్కెట్‌లో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దినవాడు. ఆ సీజన్‌లోనే అతడు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి సూపర్‌బౌల్ గెలిపించాడు. ఒకే దెబ్బ ఒకరికి సీజన్‌ను దూరం చేసి ఇంకొకరికి జీవితాన్ని ఇచ్చింది.

కాబట్టి ఈ ఆటలు అవసరమా అని కాక, ఎవరికి అవసరం అని అడగాలి. ఒక్కో జట్టు వేసవి శిబిరానికి 90 మందిని పిలుస్తుంది, చివరికి ఉంచుకునేది 53 మందిని. 32 జట్లలో కలిపి 1,184 మంది ఆగస్టు చివర బయటికి పోతారు. సాధనా బృందాల్లో కొందరికి చోటు దొరుకుతుంది, మిగిలినవారు ఇంటిదారి పడతారు. పొద్దున్నే జట్టు ఉద్యోగి ఒకరు గది తలుపు తట్టి, కోచ్ పిలుస్తున్నాడు, ప్లేబుక్ (జట్టు వ్యూహాల పుస్తకం) తీసుకుని రమ్మంటాడు. ఆటగాళ్లు అతనికి ‘టర్క్’ అని పేరు పెట్టారు. ప్లేబుక్ తెమ్మన్నాడంటే ఇక మూట సర్దుకోమనే. మన క్రికెట్‌లో ఎంపిక కాని కుర్రాడికి మళ్లీ రంజీ ఉంటుంది. ఇక్కడ ఎన్ఎఫ్ఎల్ కింద అలాంటి మెట్టు ఏదీ స్థిరంగా లేదు. లీగ్ యూరప్‌లో నడిపిన పోటీని కూడా 2007లో మూసేసింది.

1995లో డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, డెన్వర్ బ్రాంకోస్ ఆరో రౌండ్‌లో తీసుకున్న టెరెల్ డేవిస్‌కు జట్టులో చోటు మీద ఆశ దాదాపు లేదు. టోక్యోలో జరిగిన ప్రీసీజన్ మ్యాచ్‌లో, కిక్‌ఆఫ్‌లో తన్నిన బంతిని అందుకుని పరుగెత్తుతున్న ప్రత్యర్థిని అతడు ఎదురెళ్లి కుదిపి పడేశాడు. కోచ్‌ల కళ్లు అతని మీద నిలిచాయి. 1998లో అతడు బంతితో 2,008 గజాలు పరుగెత్తాడు, 2017లో ఆట దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాణ్ని నిజంగా పడగొట్టడం శిబిరాల్లో అరుదు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తర్వాత రోజుకు రెండుపూటలా ప్యాడ్లతో సాధన కూడా ఆగిపోయింది. అలాంటి దెబ్బను చూపించే వేదిక మరెక్కడుంది?

నా వాదనకు అడ్డొచ్చే ఉదాహరణ కూడా ఉంది. ప్రీసీజనే లేని 2020లో, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని జేమ్స్ రాబిన్సన్ జాక్సన్‌విల్ జట్టు తరఫున 1,070 గజాలు పరుగెత్తాడు. దారి పూర్తిగా మూసుకుపోదన్నమాట. అయితే ఆ జట్టు ఆగస్టు చివర బంతితో పరుగెత్తే తన ప్రధాన ఆటగాణ్ని వదిలేసుకోబట్టే అతనికి అంత చోటు దొరికింది.

అభ్యంతరం చెప్పాల్సింది అమ్మకం మీద. చాలా జట్లు సీజన్ టికెట్‌లో ఈ మ్యాచ్‌లను కలిపే అంటగడతాయి. అభిమాని డబ్బు కట్టి వస్తే, తాను చూడాలనుకున్న ఆటగాడు టోపీ పెట్టుకుని గట్టున నిలబడి ఉంటాడు. మైదానంలో ఉన్నవారికి ఆగస్టులో దక్కేది చిన్నపాటి వారపు భత్యమే, అసలు జీతం సెప్టెంబరు నుంచి. ఈ మ్యాచ్‌లను విడిగా, నామమాత్రపు ధరకు అమ్మితే ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

ఇప్పుడు లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ 18 అసలు మ్యాచ్‌లు, 2 ప్రీసీజన్ మ్యాచ్‌ల గురించి బాహాటంగా మాట్లాడుతున్నారు. మళ్లీ అదే 20. రెండు చాలన్న మాటతో నాకు పేచీ లేదు, ప్రత్యర్థి జట్లతో ఉమ్మడి సాధన పెరిగింది కనుక కోచ్‌లు సర్దుకోగలరు. కానీ తారలు పక్కన కూర్చునే ఆటను తీసేసి, వాళ్లు ఒళ్లు దాచుకోకుండా ఆడే ఆటను చేర్చడాన్ని ఆటగాళ్ల భద్రత పేరుతో సమర్థించడం కుదరదు. 17వ మ్యాచ్‌కు దారి తీసిన 2020 ఒప్పందాన్ని ఆటగాళ్లు ఆమోదించింది 1,019 – 959 ఓట్లతోనే. 18వ మ్యాచ్ గురించి అడిగేటప్పుడు, ఆగస్టు ఆట నాలుగో క్వార్టర్‌లో సగం ఖాళీ అయిన స్టేడియంలో, జెర్సీ నంబర్లు కూడా చాలక ఇంకొకరితో ఒకే నంబరు పంచుకుని పరుగెత్తే కుర్రాణ్ని మాత్రం ఎవరూ అడగరు, అతనికి ఇంకా ఓటు లేదు.